గిన్నెల మధ్య గుడ్డ

గిన్నెలో గిన్నె పెట్టేటప్పుడు మధ్యలో ఒక మడత గుడ్డ పెట్టాలని పెళ్లయిన కొత్తలో అత్తగారు ఆమెకు నేర్పారు. గరిటెలను ఒకదాని మీద ఒకటి వెయ్యకూడదు, పక్కపక్కన పడుకోబెట్టాలి. మూత పెట్టేటప్పుడు వేలు అడ్డం పెట్టి, ఆ వేలిని మెల్లగా తియ్యాలి. కుళాయి కింద గిన్నెను కాస్త వంచి పట్టుకుంటే నీళ్లు దాని గోడ మీదుగా జారతాయి, ధార పడుతున్న చప్పుడు రాదు. ఆ ఇంట్లో పొద్దున్నే లేచేది ఆమె ఒక్కతే. భర్త కాలేజీలో పాఠాలు చెప్తాడు, రాత్రి పొద్దుపోయేదాకా చదువుకుంటాడు, పొద్దున నిద్ర చెడిందంటే ఆ రోజంతా మూతి ముడుచుకుని తిరుగుతాడు. అందుకని వంటా, గిన్నెలూ, ఇల్లూడవడం అన్నీ గుట్టుచప్పుడు కాకుండా జరిగిపోవాలి. "మా కోడలు ఇంట్లో ఉన్నట్టే తెలీదమ్మా" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ అత్తగారు చెప్పేవారు. అది మెచ్చుకోలు. మొదట్లో ఆ మాటకి ఆమె లోలోపల పొంగిపోయేది కూడా.

ఆ గురువారం పొద్దున కూడా ఆమె ఉన్నట్టు ఎవరికీ తెలియలేదు. పొయ్యి మీద కూర ఉడుకుతోంది. ఫ్రిజ్ మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. వంటింట్లో బల్ల వేసుకునేంత చోటు లేదు కాబట్టి ఆమె ఆఫీసు పని నిలబడే చేస్తుంది, ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో కీబోర్డు. తెర మీద ఎర్రక్షరాల్లో మెసేజ్‌లు వచ్చి పడుతున్నాయి. రైల్వే గేటు బ్రాంచిలో డిస్కు నిండిపోయింది. మార్కెట్ బ్రాంచి సగం దాకా వచ్చి అలిగి కూర్చుంది. వంతెన దగ్గర బ్రాంచి అసలు పలకడమే లేదు. మొదటి రెండింటినీ బుజ్జగించి లేపింది. మూడోదానికి బుజ్జగింపులు పనికిరావని ఆమెకు తెలుసు. ఫోన్ తీసుకుని, తలుపు దగ్గరగా వేసి, ఆ బ్రాంచి షట్టర్ తీసే ఆవిడకి ఫోన్ చేసింది.

"అక్కా, నేను, హెడ్డాఫీసు నుంచి. కౌంటర్ కింద నల్లపెట్టె వెలుగుతోందా?"

"ఎవరూ? గుసగుసల మేడమా? గట్టిగా మాట్లాడమ్మా, వినపడి చావదు."

"ఇంట్లో పడుకున్నారక్కా. ఆ పెట్టె వైరు ఉందా చూడు."

"ఓ, అదా! టీ నీళ్లకి కెటిల్ పెడదామని తీశాను. ఇదిగో, పెట్టేశాలే."

కాసేపటికి వంతెన బ్రాంచి కళ్లు తెరిచింది. ఆమె దానికి కావాల్సింది పంపించి, అది సరిగ్గా లేచిందో లేదో చూసుకుని లాప్‌టాప్ మూసింది. మూత పడేటప్పుడు కూడా వేలు అడ్డం పెట్టింది.

ఆమె పనిచేసేది ఒక పార్సిల్ కంపెనీలో. ఊరూరా బ్రాంచీలు, బ్రాంచికో సర్వర్. ఏ పార్సిల్ ఏ దారిన వెళ్లాలో, ఏ బండి ఎక్కాలో ఆ పెట్టె చెప్తేనే కౌంటర్ దగ్గర పని నడుస్తుంది. వారానికోసారి దారులూ బళ్లూ మారుతుంటాయి కాబట్టి ప్రతి గురువారం పొద్దున బ్రాంచీలు తెరిచేలోపల అన్ని సర్వర్లలోకీ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. ఒకప్పుడు ఆ పని నలుగురు మగవాళ్లు చేతులతో చేసేవాళ్లు. బుధవారం సాయంత్రం చొక్కా చేతులు మడిచి కూర్చుంటే ఒక్కో సర్వర్‌లోకీ వెళ్లడం, ఎక్కించడం, బయటికి రావడం, మళ్లీ ఇంకోదానిలోకి వెళ్లడం. తెల్లారేసరికి కళ్లు చింతనిప్పుల్లా ఉండేవి. వాళ్లకి టిఫిన్లు తెప్పించేవారు, మర్నాడు సెలవిచ్చేవారు, మేనేజర్ స్వయంగా వచ్చి వీపు తట్టి "మీరు లేకపోతే కంపెనీయే లేదయ్యా" అనేవాడు. ఆమె అప్పుడు మూల సీట్లో కూర్చుని వాళ్లు తప్పు ఎక్కించినవి సరిచేస్తూ ఉండేది. దానికి టిఫిన్లూ లేవు, సెలవూ లేదు.

అలా చూసి చూసి ఆమే ఒక స్క్రిప్ట్ రాసింది, ఆ నలుగురి పనీ వరసగా తనే చేసుకుపోయే ప్రోగ్రాము. చెప్పుకుంటే చిన్న సంగతి. బ్రాంచీల వరుసంతా దానికి ఇస్తే, ఒక్కో సర్వర్ తలుపూ అదే తట్టుకుంటూ పోతుంది. కొత్తది ఉంటే వదిలెయ్, లేకపోతే పెట్టు, పెట్టాక లేచిందో లేదో చూడు, లేవకపోతే చెప్పు. ఇంతే దాని బుద్ధి. ఆ బుద్ధి రావడానికి ఆమెకి చాలా ఆదివారాలు పట్టాయి. బట్టలు మడతపెడుతూ ఆలోచించింది, బస్సులో నిలబడి ఆలోచించింది, పాలు పొంగించుకుని మాటలు పడింది. తీరా అది నడిచిన రోజు, వాళ్లు రాత్రంతా కూర్చుని చేసే పని ఆమె కాఫీ తాగేలోపల అయిపోయింది. మేనేజర్ తెర వంక చూసి "అయిపోయిందా? ఇంతేనా?" అన్నాడు. ఎవరూ ఎవరి వీపూ తట్టలేదు. చేత్తో చేసినన్నాళ్లూ అది కష్టం. ఆమె సులువు చేసేసరికి అది పనే కాకుండా పోయింది.

ఇక ఆ "లేవకపోతే చెప్పు" అన్న ముక్క ఉంది చూశారూ, తంటా అంతా దానితోనే వచ్చింది. మొదట్లో ఆ మెసేజ్‌లు సెక్షన్‌లో అందరికీ వెళ్లేవి, మేనేజర్‌తో సహా. రెండు వారాలకే ఆయన ఆమెను పిలిచాడు. "పొద్దున్నుంచీ నా ఫోన్ టింగుటింగుమంటూనే ఉందమ్మా. ఇంత గోలైతే ఇంకెందుకది? మంచి పనంటే ఎలా ఉండాలి? చప్పుడు లేకుండా జరిగిపోవాలి." ఆ మాట ఆమెకు కొత్త కాదు, ఇంట్లో వింటున్నదే. తల ఊపి వచ్చి, స్క్రిప్ట్‌లో ఆ ముక్క రాసిన వరుస ముందు చిన్న గుర్తు పెట్టింది. ఆ గుర్తున్న వరుసను స్క్రిప్ట్ చదవదు, దాటేసి పోతుంది. దాని కింద ఇంకో వరుస రాసింది, మెసేజ్‌లన్నీ తనొక్కదానికే వచ్చేలాగ. డిస్కు నిండితే పాతవి తుడిచెయ్యమనీ, అలిగితే ఆగి మళ్లీ పిలవమనీ స్క్రిప్ట్‌కి చేతనైనంత నేర్పింది గానీ, లోకంలో కెటిల్స్ ఉన్నన్నాళ్లూ ఏదో ఒకటి మిగులుతూనే ఉంటుంది. ఆ మిగిలినవాటిని పొయ్యికీ ఫ్రిజ్‌కీ మధ్య నిలబడి ఆమె చక్కబెట్టేది. మేనేజర్ ఆఫీసుకొచ్చి తెర చూసుకునేసరికి బ్రాంచీలన్నీ నడుస్తున్నట్టు పచ్చగా కళకళలాడుతుండేవి.

ఆ గురువారం మధ్యాహ్నం ఆయన మళ్లీ పిలిచాడు. పిలుపు కోసం ఆమె ఎదురుచూస్తూనే ఉంది. ఊరి బయట కంపెనీ కొత్త సర్వర్ల భవనం కట్టించింది, అక్కడి సెక్షన్ పెద్ద పదవికి తనను చూడమని నోరు తెరిచి అడిగింది. జీవితంలో ఆమె నోరు తెరిచి అడిగిన వాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"రామ్మా, కూర్చో. నీ స్క్రిప్ట్‌ని నిన్న పైవాళ్లకి చూపించాను. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఎరుపు లేదు. ముచ్చటపడిపోయారు. తర్వాత ఒక మాట అడిగారు. అంతా దానంతటదే అయిపోతుంటే ఇంక మనిషెందుకూ అని."

ఆమె కుర్చీ అంచుకి జరిగింది.

"నువ్వే చెప్పు, నేనేమనను? నువ్వంత బాగా రాశావు కాబట్టే కదా! వచ్చే నెల నుంచి ఫోన్ల సెక్షన్‌లో కూర్చో. అక్కడంతా ఆడవాళ్లే, నీకూ హాయిగా ఉంటుంది."

"మరి కొత్త భవనం, సార్?"

"అక్కడ కష్టపడే మనిషి కావాలమ్మా. పాత నలుగురిలో ఒకర్ని అనుకున్నాం. రాత్రీ పగలూ కూర్చుని చేసినవాళ్లు కదా. నువ్వేమీ అనుకోకు, నువ్వు సెక్షన్‌లో ఉన్నావని ఒక్కోసారి నాకే గుర్తుండదు, అంత నెమ్మదస్తురాలివి."

అది కూడా మెచ్చుకోలే. చెప్పెయ్యాలనిపించింది. దానంతటదే ఏదీ అవడం లేదు సార్, ఆ పచ్చదనం వెనక నేనున్నాను, నా పొద్దులున్నాయి, నా మాడిన కూరలున్నాయి అని. కానీ చెప్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న ఏమిటో ఆమెకు తెలుసు. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు? మీరే చప్పుడు చెయ్యొద్దన్నారు అంటే ఏ ఆఫీసులోనూ చెల్లదు. అబద్ధపు పచ్చదనం చూపించావంటారు, ఆ ఫోన్ల సీటు కూడా పోతుంది. తన మంచి పనే తనకి ఎసరు పెట్టిందని తెలిసీ ఆమె కిమ్మనకుండా లేచి వచ్చింది. కుర్చీని కూడా చప్పుడు కాకుండా వెనక్కి జరిపింది.

ఫోన్ల సెక్షన్‌లో చాలా ఏళ్లుగా పాతుకుపోయిన ఒకావిడ ఉంది, అందరూ ఫోన్లక్క అంటారు. కాఫీ మిషన్ దగ్గర ఆవిడ పట్టుకుంది.

"నా పక్కకి వచ్చేస్తున్నావంట చెల్లీ? రా, రా, నాకు కబుర్లకి మనిషి దొరికింది. కానీ నువ్వు ఇటొస్తే గురువారాలు నా గతేం కాను?"

"గురువారాలేంటక్కా?"

"నీకేం తెలీనట్టు మాట్లాడకు. మిగతా రోజుల్లో బ్రాంచీల వాళ్లు నా బుర్ర తినేస్తారు. గురువారం పొద్దున మాత్రం ఒక్క ఫోనుండదు. ఒకసారి అడిగాను, ఏంటర్రా మీకు గురువారం కష్టాలుండవా అని. గుసగుసల మేడమ్ చూసుకుంటుందిలే అన్నారు. ఫోన్ మోగట్లేదంటే ఎక్కడో ఎవరో ఆ చాకిరీ చేసి చస్తున్నారని అర్థం. ఆ మాత్రం తెలీదా నాకు?" ఆవిడ కప్పు కడిగి బోర్లించింది, టక్కుమని. "తెలియాల్సిన వాళ్లకి తెలీదు, అదీ ఖర్మ."

రాత్రి భోజనాల దగ్గర ఆమె భర్తతో చెప్పింది. గొంతు వణకకుండా చెప్పడానికి ముందే రెండుసార్లు మనసులో అనుకుంది.

"మంచిదేగా" అన్నాడతను పేపరు మడుస్తూ. "ఫోన్లంటే సాయంత్రం ఐదింటికే సీట్లోంచి లేచి వచ్చెయ్యొచ్చు. అమ్మకి చెవులు చూపించాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాం, నువ్వు తీసుకెళ్లొచ్చు. అయినా నీ పనంతా ఆ స్క్రిప్టే చేస్తోందిగా, నువ్వు ఊరికే చూస్తుంటావు. దానికింత బాధేంటి?"

"పొద్దున్నే నేనేం చేస్తానో మీకు తెలుసా?"

"పొద్దున నేను పడుకునుంటాను కదా" అన్నాడు. అందులో వెటకారం లేదు. అదే ఆమెకు ఎక్కువ నొప్పిగా ఉంది. తెలిసి తిట్టినవాళ్ల మీద కోపం తెచ్చుకోవచ్చు. ఇంత అమాయకంగా తెలియకపోవడాన్ని ఏం చేసుకోవాలి? అతను చెయ్యి కడుక్కుని వెళ్లాడు. ఆమె కంచాలు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టబోయి, అలవాటుగా మధ్యలో గుడ్డ పెట్టింది.

శనివారం అత్తగారిని చెవుల డాక్టరు దగ్గరికి ఆమే తీసుకెళ్లింది. రెండేళ్లుగా ఆవిడకు వినికిడి తగ్గుతూ వస్తోంది. డాక్టరు పరీక్షలు చేసి బటాణీ గింజంత మిషన్ చెవిలో అమర్చింది. ఇంటికొచ్చే దారిలో ఆవిడ చిన్నపిల్లలా ప్రతి చప్పుడుకీ తల తిప్పారు. ఆటో హారన్‌కి ఉలిక్కిపడి, "ఇంత గోలగా ఉందేంటే లోకం!" అని మురిసిపోయారు.

ఆదివారం పొద్దున ఆవిడ స్టూలు తెచ్చుకుని వంటింట్లో కూర్చున్నారు. ఆమె వంట చేస్తోంది, గిన్నెలు కడుగుతోంది, డబ్బాలు సర్దుతోంది. ఆవిడ చాలాసేపు చూశారు. చెవి మీద వేలితో తట్టుకున్నారు. మిషన్ తీసి, ఊది, మళ్లీ పెట్టుకున్నారు.

"అమ్మాయ్, ఈ మిషన్ అప్పుడే పాడైందే."

"ఏమైందత్తయ్యా? నా మాట వినిపించట్లేదా?"

"నీ మాట వినిపిస్తోంది. ఇందాక వీధిలో కుక్క అరిచిందీ వినిపించింది. ఇక్కడే రావట్లేదు. ఎంతసేపట్నుంచో చూస్తున్నాను, నీ చేతులు ఆడుతూనే ఉన్నాయి, గిన్నెలు కదులుతూనే ఉన్నాయి, ఒక్క చప్పుడు లేదు. వంటింటి చప్పుళ్లు పట్టుకోదా ఏంటిది? సోమవారం తిరిగిచ్చేసిరా."

ఆమె చేతిలో తడి గిన్నె అలాగే ఉండిపోయింది. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగి కళ్లలోకి నీళ్లొచ్చాయి. తను పనిచేస్తుంటే కళ్లెదుట కూర్చున్న మనిషి, చెవిలో మిషన్ పెట్టుకుని మరీ, పాడైంది మిషనే అనుకుంటోంది. అంత బాగా నేర్చుకుంది తను. ఆఫీసులో కూడా ఇంతే కదా, అందరూ ఆ పచ్చ తెర వంక చూసి ఇక్కడ మనిషే లేదనుకున్నారు, తప్పెవరిది? చప్పుడొద్దన్న వాళ్లదా, అడగ్గానే గుడ్డ పరిచిన తనదా? ఆ ప్రశ్న ఆమెకు రుచించలేదు, కానీ వదల్లేదు.

"మిషన్ బాగానే ఉందత్తయ్యా. చప్పుడే లేదు."

"పని చేస్తుంటే చప్పుడు లేకపోవడమేంటే?"

"మీరే నేర్పారు" అని ఆమె గిన్నెల మధ్య గుడ్డను తీసి చూపించింది.

అత్తగారు ఆ గుడ్డ వంక చాలాసేపు చూశారు. "మీ మామగారికి గిట్టేది కాదు" అన్నారు చివరికి. "ఒకసారి గరిటె జారి పడిందని కంచం నా మీదికి విసిరారు. అప్పట్నుంచీ గుడ్డ పెట్టడం మొదలెట్టాను, నువ్వొచ్చాక నీకూ చెప్పాను. ఆయన పోయి ఎన్నేళ్లయిందే! ఇంకా పెడుతున్నావా?"

"మీ అబ్బాయి నిద్ర చెడుతుందని..."

"వాడా? చిన్నప్పుడు చెవి పక్కన డప్పులు కొట్టినా లేచేవాడు కాదు. మనిద్దరం పిల్లుల్లా తిరిగి తిరిగి వాడికా జబ్బు అంటించాం." ఆవిడ ముందుకి వంగారు. "ఏదీ, ఆ గ్లాసు కింద పెట్టు. మామూలుగా పెట్టు."

ఆమె స్టీలు గ్లాసును గట్టు మీద పెట్టింది. టంగుమంది. అత్తగారి మొహం విప్పారింది.

"ఆఁ, అదీ! ఇప్పుడు ఇంట్లో మనిషి తిరుగుతున్నట్టుంది."

తర్వాత రెండు రోజులూ ఆమె ఆ మాటతోనే తిరిగింది. బస్సులో, లిఫ్టులో, మీటింగుల్లో అదే. బుధవారం సాయంత్రం సీట్లో కూర్చుని స్క్రిప్ట్ తెరిచింది. పాత వరుస అక్కడే ఉంది, ముందు చిన్న గుర్తుతో, ఉన్నట్టే తెలియకుండా. అందరికీ చెప్పే వరుస. ఆ గుర్తు తీసేస్తే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. మేనేజర్ పైవాళ్ల ముందు తల దించుకోవాలి, ఆ మంట తన మీదే పడుతుంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చెప్పలేం. తియ్యకపోతే ఏమవుతుందో అది కూడా తెలుసు. పగలంతా ఫోన్లెత్తుతూ, గురువారం పొద్దున ఫ్రిజ్ ముందు నిలబడి ఎవరికీ తెలియకుండా పాత పని చేస్తూ ఉంటుంది, మానేద్దామన్నా బ్రాంచీల వాళ్ల మొహం చూస్తే మనసొప్పదు. కర్సర్‌ను ఆ గుర్తు పక్కకి తెచ్చి ఆగింది. భయమే, కాదనడానికేముంది? గుర్తు తీసేసింది. కింద తను రాసుకున్న వరుసను, మెసేజ్‌లన్నీ తనొక్కదానికే తెచ్చేదాన్ని, పూర్తిగా కొట్టేసింది.

గురువారం పొద్దున స్క్రిప్ట్ ఎప్పటిలాగే తన వేళకి తను బయల్దేరింది. ఆమె టీ పెట్టుకుని అత్తగారి స్టూలు మీద కూర్చుంది. ఆ వంటింట్లో కూర్చుని టీ తాగడం ఆమెకు అదే మొదలు. బ్రాంచీలు ఒక్కొక్కటీ పచ్చబడుతున్నాయి. అంతలో రేవు బ్రాంచి మొరాయించింది. ఆ తర్వాత, అనుకున్నదే, వంతెన బ్రాంచి పలకలేదు. చెయ్యి ఫోన్ దాకా వెళ్లింది. షట్టర్ బయట పార్సిళ్లు పట్టుకుని జనం నిలబడతారేమోనన్న బెంగ లాగింది. వెనక్కి తీసుకుని సింకు దగ్గరికి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ధార నిండుగా పడింది. గిన్నెలో గిన్నె పడి మోగింది. గుడ్డ మేకుకి వేలాడుతోంది.

ఫోన్ ఆమె అనుకున్నదాని కంటే ముందే మోగింది.

"ఏంటమ్మా ఇవి? వరసపెట్టి నా ఫోన్‌కొస్తున్నాయ్! సెక్షన్‌లో అందరికీ కూడా వెళ్లినట్టున్నాయ్. రేవు బ్రాంచి ఏదో అంటోంది, వంతెన పలకట్లేదంటోంది. ఇవాళేమైంది?"

"ఇవాళేం కాలేదు సార్. ప్రతి గురువారం ఇంతే."

"ప్రతి గురువారమా? మరి నేను చూసేసరికి అన్నీ పచ్చగానే ఉండేవిగా! ఎవరు చేసేవాళ్లు?"

జవాబు అలవాటుగా గుసగుసగానే గొంతు దాకా వచ్చింది. పక్క గదిలో పడుకున్నారు. ఆమె దాన్ని మింగేసి, ఊపిరి పీల్చుకుని చెప్పింది.

"నేను చేసేదాన్ని సార్. మా వంటింట్లోంచి. ప్రతి గురువారం."

"అలా అరుస్తావేంటమ్మా?"

"అరవట్లేదు సార్. నా గొంతే ఇంత. మీరెప్పుడూ వినలేదు."

"సరే, సరే, అవన్నీ తర్వాత మాట్లాడదాం. ముందు వాటిని పచ్చగా చెయ్యి."

"ఆఫీసుకొచ్చి చేస్తాను సార్. మీరూ పక్కన కూర్చోండి, ఎలా చెయ్యాలో చూద్దురుగాని. ఈలోపల తొందరైతే వంతెన బ్రాంచికి మీరే ఫోన్ చెయ్యండి. కెటిల్ తీసి మన వైరు పెట్టమంటే చాలు."

ఫోన్ గట్టు మీద పెట్టింది, మామూలుగా. తడి చేత్తోనే పెద్ద గిన్నె ఎత్తబోయింది, అది జారి మూత మీద పడి ఇల్లంతా మారుమోగింది. అత్తగారి గదిలోంచి "వినిపిస్తోందే అమ్మాయ్!" అన్న కేక వచ్చింది. ఆ వెనకే పడకగది తలుపు తెరుచుకుంది. భర్త రేగిన జుట్టుతో, కళ్లు నులుముకుంటూ, కంగారుగా వంటింటి గుమ్మంలోకి వచ్చి అటూ ఇటూ చూశాడు.

"ఎవరొచ్చారు ఇంత పొద్దున్నే? ఎవరిదో గొంతు వినిపించింది. కొత్తగా ఉంది."

"ఎవరూ రాలేదండీ" అంది ఆమె, గొంతు తగ్గించకుండానే. "నేనే. ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నాను."